మీకు తెలుసా? రికార్డు ప్లేయరూ వాయిద్యమే!

మా మేనల్లుడి చేతిలో ఎప్పుడూ గిటార్ ఉంటుంది. వాడి చెల్లెలి చెవుల్లో ఎప్పుడూ ర్యాప్ మోగుతుంటుంది. పండక్కి ఇద్దరూ ఒక ఇంట్లో చేరారంటే తగువు మొదలే. "నోటికొచ్చింది గడగడా అప్పజెప్పేవాళ్ళు సంగీతకారులెలా అవుతారే? వాళ్ళలో ఒక్కడైనా వాయిద్యం పట్టాడా?" అంటాడు వాడు. "మీ రాక్ బ్యాండ్ల వాళ్ళంతా నిజంగా వాయించారనే అనుకుంటున్నావా అన్నయ్యా?" అంటుంది ఆ పిల్ల. ఈ సంక్రాంతికి నన్ను తీర్పరిగా కూర్చోబెట్టారు. తీర్పు చెప్పే ధైర్యం లేక, అరిసెలు తింటూ తప్పించుకున్నాను. కానీ ఆ తగువు చుట్టూ ఏరుకున్న ముచ్చట్లు మాత్రం ఇన్ని పోగుపడ్డాయి.

గుమ్మం దగ్గర కాపలాదారు

1985లో వచ్చిన 'కింగ్ ఆఫ్ రాక్' వీడియోలో న్యూయార్క్ ర్యాప్ బృందం రన్-డీఎంసీ కుర్రాళ్ళు ఒక రాక్ మ్యూజియం గుమ్మం దాకా వెళ్తారు. అక్కడి కాపలాదారు వీళ్ళను చూసి నవ్వి, మీకిక్కడ చోటు లేదు పొమ్మంటాడు. తమాషా ఏమిటంటే, ఆ రోజుకి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు భవనమే లేదు. క్లీవ్‌లాండ్‌లో దాని తలుపులు తెరిచింది 1995లో. రన్-డీఎంసీని లోపలికి తీసుకున్నది 2009లో. వాళ్ళకంటే రెండేళ్ళ ముందు, 2007లో, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ ఆ గడప దాటిన మొదటి హిప్-హాప్ బృందం అయింది.

ఆ తర్వాత ర్యాపర్లను తీసుకున్న ప్రతిసారీ అదే గొణుగుడు. అందరికంటే గట్టిగా గొణిగినవాడు కిస్ బ్యాండ్ జీన్ సిమన్స్. ముఖానికి నలుపూ తెలుపూ పూసుకుని, వేదిక మీద మూరెడు నాలుక చాపే ఆయనే. ర్యాపర్లు గిటార్ వాయించరు, పాటా పాడరు, కనుక ఆ హాల్ వాళ్ళది కాదని ఆయన వాదన. 2016లో ఎన్‌డబ్ల్యూఏ బృందానికి ఆ గౌరవం దక్కినప్పుడు ఆ బృందం ర్యాపర్ ఐస్ క్యూబ్ వేదిక మీద నుంచే బదులిచ్చాడు. రాక్ అంటే ఒక వాయిద్యమూ కాదు, ఒక బాణీ కూడా కాదు, బ్లూస్ నుంచి పారుతూ వస్తున్న ఒక చైతన్యం అన్నాడు.

జవాబు అందంగానే ఉంది. నాకైతే ప్రశ్నను పక్కనుంచి దాటేసినట్టు అనిపించింది. చైతన్యం పేరు చెబితే ఎవరినైనా ఎందులోనైనా కలిపేయవచ్చు. సిమన్స్ అడిగింది చేతుల గురించి. కాబట్టి చేతుల లెక్కే చూద్దాం.

వాయించింది వేరేవాళ్ళు

1965లో అమెరికాలో నంబర్ వన్ అయిన బర్డ్స్ బ్యాండ్ పాట 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్' రికార్డు మీద బ్యాండ్ సభ్యుల్లో వాయించింది ఒకే ఒక్కడు, రోజర్ మెగ్విన్. మిగతావాళ్ళలో ఇద్దరు గొంతు కలిపారు. డ్రమ్స్, బేస్, కీబోర్డు అన్నీ లాస్ ఏంజిలస్ స్టూడియోల్లో గంటల లెక్కన కూలి తీసుకునే వాద్యకారులవి. తర్వాతి కాలంలో ఆ గుంపుకి 'రెకింగ్ క్రూ' అని పేరొచ్చింది. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, బేస్ గిటార్ క్యారల్ కే లాంటివాళ్ళు అందులో ఉద్దండులు. 1966 నాటి బీచ్ బాయ్స్ ఆల్బమ్ 'పెట్ సౌండ్స్'లో మనం మురిసిపోయే వాయిద్యం చాలా వరకు వీళ్ళ చేతి పనే. అట్ట మీద మాత్రం మేకలకు మేత పెడుతున్న బీచ్ బాయ్స్ ఫొటో.

డోర్స్ గాయకుడు జిమ్ మోరిసన్ చెప్పుకోదగ్గ వాయిద్యం ఏదీ వాయించలేదు. పాల్ మెకార్ట్‌నీకి ఇప్పటికీ స్వరలిపి చదవడం రాదు, ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు. వీళ్ళను సంగీతకారులు కారని ఎవరన్నా అన్నారా?

అసలు చిక్కు మాటలోనే ఉంది. ఇంగ్లీషువాళ్ళు 'మ్యుజీషియన్' అంటే మామూలు మాటల్లో వాయించేవాడనే అర్థం. గాయకుడిని కూడా కాస్త పక్కకు నిలబెట్టే మాట అది. మన దగ్గర గాయకుడు, వాద్యకారుడు, వాగ్గేయకారుడు ఎవరికి వారే, ఒకరు ఇంకొకరు కాలేదని ఎవరూ నిలదీయరు. 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుడైతే 'సంగీత రత్నాకరం'లో గీతం, వాద్యం, నృత్యం మూడూ కలిస్తేనే సంగీతం అన్నాడు. ఆ కొలతతో చూస్తే ర్యాపర్, డీజే, బ్రేక్ డాన్సర్ ముగ్గురినీ ఒక్క వేదిక మీద పెట్టిన హిప్-హాప్ నిండు సంగీతం. గిటార్లు పట్టుకుని నిలబడే రాక్ బ్యాండే మూడోవంతు తక్కువ. (ఈ మాట మేనల్లుడికి చెప్పకండి.)

పావలా టికెట్టు పార్టీ

1973 ఆగస్టు 11. న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ బ్లాకు. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూళ్ళు తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని కింద హాలు అద్దెకు తీసుకుని పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు పెట్టే పని అన్న క్లైవ్‌ది. వయసు 18, పుట్టింది జమైకాలో. వీధిలో పేరు కూల్ హెర్క్.

హెర్క్ పార్టీల్లో ఒక సంగతి గమనించాడు. ఫంక్ పాటల్లో గాయకుడు ఊపిరి తీసుకునే చోట, గిటార్లూ బాకాలూ అన్నీ ఆగి ఒక్క డ్రమ్సు మాత్రమే మోగే నాలుగైదు క్షణాలుంటాయి. దాన్ని 'బ్రేక్' అంటారు. గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళు దాని కోసమే కాచుకుని ఉండేవాళ్ళు. అది రాగానే హాలు నడుమకు దూకి ఆడేవాళ్ళు, నాలుగు క్షణాల్లో అయిపోయేది, మళ్ళీ గోడ దగ్గరికి. ఆ నాలుగు క్షణాలనే నాలుగు నిమిషాలు చేస్తే?

ఒకే రికార్డు రెండు ప్రతులు కొన్నాడు. రెండు టర్న్‌టేబుళ్ళ (రికార్డు ప్లేయర్ల) మీద పెట్టాడు. ఒకదాని మీద బ్రేక్ పూర్తయ్యేలోగా రెండోదాని ముల్లు సరిగ్గా బ్రేక్ మొదట్లో దించాడు. ఇది తిరుగుతుంటే దాన్ని వెనక్కి, అది తిరుగుతుంటే దీన్ని వెనక్కి. దీనికి ఆయన పెట్టుకున్న పేరు 'మెర్రీ-గో-రౌండ్', మన తిరనాళ్ళ రంగులరాట్నం. బ్రేక్ మీద ఆడేవాళ్ళు బ్రేక్ బాయ్స్, అదే బీ-బాయ్స్ అయ్యారు, ఆ ఆట పోయి పోయి 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

ఆ హాల్లో ఆ రాత్రి ఎవరూ వాయిద్యం వాయించలేదు. కానీ అంతకు ముందు ఏ రికార్డు మీదా లేని సంగీతం వినపడింది. ఇంకెవరో చేసిన పాటలో ఏ ముక్క ప్రాణమో చెవితో పట్టుకుని, దాన్ని ఎంతసేపు నడపాలో ఎదుటివాళ్ళ కాళ్ళను చూసి తేల్చుకోవడం హెర్క్ చేసిన పని. పల్లవిలో ఒక్క ముక్క పట్టుకుని నెరవల్ చేసే విద్వాంసుణ్ణి వింటూ పెరిగిన మనకు ఇది అంత వింతగా తోచకూడదు.

క్రేయాన్ గీత, అమ్మ కేక

హెర్క్ దరువు అందుకునేవాడు గానీ అతుకు తెలిసిపోయేది. ఆ అతుకు కనపడకుండా కుట్టినవాడు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. అసలు పేరు జోసెఫ్ శాడ్లర్, పుట్టింది బార్బడోస్‌లో, చదివింది వృత్తి విద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్. రికార్డు మీద వేలు పెట్టడం మహాపాపం అనుకునే రోజుల్లో ఆయన వేలు పెట్టి తిప్పడమే పద్ధతి చేశాడు. బ్రేక్ ఎక్కడ మొదలవుతుందో లేబుల్ దగ్గర క్రేయాన్‌తో గీత గీసుకుని, గడియారం ముల్లు వెనక్కి తిప్పినట్టు ఇన్ని చుట్లని లెక్కపెట్టి వెనక్కి లాగేవాడు. రెండో రికార్డు జనానికి వినపడకముందే తన చెవిలో వినడానికి, రెండు ప్లేయర్ల శబ్దాన్ని కలిపే మిక్సర్‌కి స్విచ్చు తనే కట్టుకున్నాడు.

ఇక ఆ జర్రున గీకే శబ్దం, 'స్క్రాచ్', ఒక తల్లి కోప్పడ్డం వల్ల పుట్టింది. 1975 ప్రాంతంలో థియోడర్ అనే పన్నెండేళ్ళ కుర్రాడు గదిలో రికార్డులు గట్టిగా పెట్టి సాధన చేసుకుంటున్నాడు. వాళ్ళమ్మ తలుపు దగ్గరికొచ్చి చప్పుడు తగ్గించమని కేకలేసింది. ఆవిడ మాట వింటూ తిరిగే రికార్డును చేత్తో ఆపి పట్టుకున్నాడు. చెయ్యి ముందుకీ వెనక్కీ కదులుతోంది, చెవిలో ఏదో కొత్త లయ పడింది. ఆ కుర్రాడే గ్రాండ్ విజార్డ్ థియోడర్.

ఇంత మోటుపనికి తట్టుకున్న యంత్రం జపాన్‌ది. టెక్నిక్స్ ఎస్ఎల్-1200, 1972లో వచ్చింది. పాత ప్లేయర్లలో మోటారుకీ పళ్ళేనికీ మధ్య రబ్బరు బెల్టు ఉండేది, చేత్తో ఆపితే సాగి వేగం తప్పేది. ఇందులో పళ్ళెం కిందే మోటారు, వదిలిన వెంటనే వేగం అందుకుంటుంది. 1979 నాటి రెండో రకానికి వేగం సన్నగా పెంచి తగ్గించే జారుడు మీట కూడా పెట్టారు. ఇంట్లో పాటలు వినే సంపన్నుల కోసం చేసిన వస్తువు పార్టీ పిల్లల చేతిలో వాయిద్యమైంది. 2011లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ వేదిక మీద పూర్తి ఆర్కెస్ట్రాతో కలిసి డీజే స్విచ్ దాన్ని వాయించాడు. ఆ టర్న్‌టేబుల్ కచేరీ రచన గాబ్రియల్ ప్రొకోఫీవ్‌ది. సుప్రసిద్ధ రష్యన్ స్వరకర్త సెర్గేయ్ ప్రొకోఫీవ్ మనవడు ఆయన.

సింథసైజర్ లేదని చెప్పుకున్నవాళ్ళు

క్వీన్ బ్యాండ్ 1970లలో ఆల్బమ్ అట్టల మీద 'సింథసైజర్లు వాడలేదు' అని అచ్చేయించేది. పచ్చళ్ళ సీసా మీద రసాయనాలు కలపలేదని రాసినట్టు. 1980లో 'ది గేమ్' ఆల్బమ్‌తో ఆ ఒట్టు తీసి గట్టున పెట్టారు. అదే ఆల్బమ్‌లో 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' ఉంది. ఆ పాటకు వెన్నెముక జాన్ డీకన్ బేస్ గిటార్ వరస. దాని వెనక ఏడాది ముందు చిక్ అనే డిస్కో బృందం చేసిన 'గుడ్ టైమ్స్' వరస ప్రభావం ఉంది. సరిగ్గా ఆ 'గుడ్ టైమ్స్' వరస మీదే 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ 'ర్యాపర్స్ డిలైట్' చేసింది. ర్యాప్ దేశమంతా వినపడింది దానితోనే. 1981లో ఫ్లాష్ రికార్డుల మీద రికార్డులు కుట్టి ఏడు నిమిషాల ముక్క చేసినప్పుడు అందులో చిక్ పాటా ఉంది, క్వీన్ పాటా ఉంది. ఒకే తల్లి పిల్లల్ని రాకూ ర్యాపూ చెరొకరు పెంచుకుంటే, మూడో మనిషి వచ్చి మళ్ళీ కలిపాడు.

శాంప్లింగ్, అంటే ఒకరి రికార్డు ముక్కను ఇంకో పాటలో పెట్టడం, రాక్ వాళ్ళకు కొత్తేమీ కాదు కూడా. బీటిల్స్ 1966లోనే 'టుమారో నెవర్ నోస్' కోసం అయిదు టేపు ముక్కల్ని చుట్లు చుట్టి తిప్పారు. 1967 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదట్లో వినిపించే వేణువుల దగ్గర వేణువు లేదు. అది మెలోట్రాన్ అనే పెట్టె. మెట్టు నొక్కితే లోపల ఎవరో ఎప్పుడో వాయించి పెట్టిన టేపు తిరుగుతుంది, ఎనిమిది సెకన్లకు అయిపోతుంది. మీట నొక్కి పక్కవాడి వేణువు వినిపించడం బీటిల్స్ చేస్తే కళ, బ్రాంక్స్ పిల్లలు చేస్తే దొంగతనం!

పది సెకన్ల పెట్టె

1987లో ఈ-మ్యూ కంపెనీ వదిలిన ఎస్‌పీ-1200 యంత్రంలో ఎంత శబ్దం పడుతుందో తెలుసా? మొత్తం కలిపి పది సెకన్లు. డ్రమ్సు, బేసు, బాకా, కేక అన్నీ ఆ పది సెకన్లలోనే సర్దుకోవాలి. దీనికి కుర్రాళ్ళు కనిపెట్టిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 మీద తిప్పి, గబగబా నడిచే పాటను యంత్రంలోకి తీసుకునేవాళ్ళు. తక్కువ చోటులో ఎక్కువ పాట పడుతుంది. తర్వాత లోపల వేగం తగ్గిస్తే మళ్ళీ మామూలుగా వస్తుంది. కాకపోతే ఆ తగ్గింపులో శబ్దం కాస్త గరగరలాడుతుంది. ఆ గరగరే 90ల న్యూయార్క్ హిప్-హాప్‌కు రుచి అయింది.

మరుసటి ఏడాది రోజర్ లిన్ రూపకల్పనతో అకాయ్ ఎంపీసీ-60 వచ్చింది. పదహారు రబ్బరు దిమ్మలు, వేళ్ళతో తట్టడమే. ఈ యంత్రాల్లో ఒక సదుపాయం ఉంది. మీరు కొంచెం అటూ ఇటూగా తట్టినా దెబ్బను సరిగ్గా మాత్ర మీదికి జరిపి సరిచేస్తుంది. డెట్రాయిట్ కుర్రాడు జేమ్స్ యాన్సీ, అందరూ పిలిచే పేరు జే డిల్లా, ఆ సవరింపును చాలాసార్లు ఆపేశాడు. ఒక దెబ్బను వెంట్రుకవాసి ముందు, ఇంకోదాన్ని వెంట్రుకవాసి వెనక వేశాడు. తాళం తప్పినట్టే ఉంటుంది, ఎక్కడా తప్పదు. సైకిల్ మీద ఒంటిచేత్తో పాల క్యాను పట్టుకుని వెళ్ళేవాణ్ణి చూశారా, పడిపోతాడనే అనిపిస్తుంది, పడడు. అలాంటి నడక.

ఇక్కడ తగువు తల్లకిందులైంది. యంత్రం మీద డిల్లా పెట్టిన ఆ తడబాటును మనుషులు, నిజమైన డ్రమ్సు వాయించేవాళ్ళు, ఏళ్ళ తరబడి సాధన చేసి నేర్చుకున్నారు. రూట్స్ బ్యాండ్ డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ తన వాయింపు మారింది డిల్లాను విన్నాకే అని చాలాసార్లు చెప్పాడు. 2000 సంవత్సరంలో వచ్చిన గాయకుడు డీఏంజెలో ఆల్బమ్ 'వూడూ'లో క్వెస్ట్‌లవ్ డ్రమ్సు పక్కన బేస్ గిటార్‌తో అలా కావాలని వెనకబడి నడిచినవాడు పీనో పల్లాడినో. రెండేళ్ళ తర్వాత ఆయనే వెళ్ళి ది హూ బ్యాండ్‌లో చేరాడు. అంతకంటే అచ్చమైన రాక్ బ్యాండ్ ఇంకోటుందా? డిల్లా 'డోనట్స్' ఆల్బమ్ 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున విడుదలైంది. మూడు రోజులకు చనిపోయాడు. ఆయన ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ళ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది, వీణను అద్దాల పెట్టెలో పెట్టినట్టు.

ఇద్దరు డ్రమ్మర్లు

ఈ ముచ్చట్లలో నాకు మింగుడుపడనిది ఇదొక్కటే.

1969లో వాషింగ్టన్ బృందం విన్‌స్టన్స్ ఒక రికార్డు వేసింది. అటువైపు పాటకు గ్రామీ వచ్చింది. ఇటువైపు ఏదో నింపడానికి వేసిన 'ఆమెన్, బ్రదర్'. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించింది నాలుగు ఆవర్తాలు, ఏడు సెకన్లు కూడా సరిగ్గా ఉండదు. ఆ ఏడు సెకన్లు ఎన్‌డబ్ల్యూఏ 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' కింద ఉన్నాయి, ఇంగ్లండ్‌లో జంగిల్ అనే డాన్స్ సంగీతానికంతటికీ పునాది, 1997లో రాక్ గాయకుడు డేవిడ్ బోయీ పాటలోనూ ఉన్నాయి. వేల పాటల్లో వాడారు. కోల్‌మన్ 2006లో అట్లాంటాలో తలదాచుకునే ఇల్లు కూడా లేకుండా చనిపోయాడు. ఆ దరువుకి ఒక్క డాలరు అందలేదు. బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి మాత్రం 2015లో అభిమానులు చందాలు పోగేసి ఇచ్చారు.

ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' కోసం అదే 1969లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన డ్రమ్సుదీ అదే కథ. ర్యాప్‌లో పబ్లిక్ ఎనిమీ నుంచి ఎల్ఎల్ కూల్ జే దాకా వాడనివాడు లేడు. పాట హక్కు జేమ్స్ బ్రౌన్‌ది, డ్రమ్మర్ జీతగాడు. మాటా బాణీ రాసినవాడికే రచయిత హోదా ఇచ్చి, దరువు వేసినవాణ్ణి కూలి మనిషిగా చూసిన చట్టం అది. స్టబుల్‌ఫీల్డ్‌కి క్యాన్సర్ వస్తే ఆసుపత్రి ఖర్చులకు గాయకుడు ప్రిన్స్ డబ్బిచ్చాడని ప్రిన్స్ పోయాక గానీ బయటికి రాలేదు. 2017లో స్టబుల్‌ఫీల్డ్ కూడా పోయాడు.

ర్యాపర్లు సంగీతకారులు కారు అనేవాళ్ళ దగ్గర ఒక్క గట్టి మాట ఉందంటే అది ఇక్కడుంది. వీళ్ళు వాయించలేదన్నది కాదు నాకు పట్టింపు. వాయించినవాడి పేరు చాలాకాలం ఎవరూ చెప్పలేదు. అయితే ఆ పాపంలో రాక్ వాటా తక్కువేమీ కాదు. లెడ్ జెప్పెలిన్ 1969 పాట 'హోల్ లాటా లవ్'లో తన మాటలున్నాయని బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కాకే రాజీ కుదిరింది.

కోర్టు చెవులు

1991లో న్యూయార్క్ జడ్జి ఒకాయన ర్యాపర్ బిజ్ మార్కీ మీద తీర్పును బైబిల్ ఆజ్ఞతో, దొంగిలించవద్దు అంటూ మొదలుపెట్టాడు. గాయకుడు గిల్బర్ట్ ఓసల్లివన్ పాట ముక్కను అనుమతి లేకుండా వాడుకున్నందుకు. ఆ దెబ్బతో వందల ముక్కలు కుట్టి ఆల్బమ్ చేసే కాలం పోయింది, ఒక్కో ముక్కకీ లాయర్ను పెట్టుకోవాల్సిన రోజులొచ్చాయి. బిజ్ మార్కీ కూడా తక్కువవాడేం కాదు, 1993లో తర్వాతి ఆల్బమ్‌కి 'ఆల్ శాంపిల్స్ క్లియర్డ్!' అని పేరు పెట్టాడు. డి లా సోల్ బృందం 1989లో చేసిన మొదటి ఆల్బమ్ ఈ చిక్కుల వల్ల ఫోన్లలో వినే యాప్‌లలోకి రావడానికి 2023 మార్చి దాకా పట్టింది.

ఇంకో కేసు ఇంతకంటే రుచిగా ఉంటుంది. ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్, జాజ్ విద్వాంసుడు జేమ్స్ న్యూటన్ వేణువు నుంచి ఆరు సెకన్లు తీసుకున్నారు. రికార్డింగు హక్కుకి డబ్బు కట్టారు, రచన హక్కుకి కట్టలేదు. న్యూటన్ ఒక స్వరం ఊదుతూనే గొంతుతో మూడు స్వరాలు పాడతాడు, రెండూ రాసుకుని మూడో శబ్దమేదో పుడుతుంది. 2003లో కోర్టు స్వరలిపి కాగితం చూసింది. కాగితం మీద ఉన్నది మూడు స్వరాలే, అంతమాత్రం ఎవరి సొత్తూ కాదంది. ఆ ఊదడంలో పుట్టే కంపనం స్వరలిపిలో పడదు కదా. కాగితం మీద పడని గమకం గురించి తెలిసిన ఏ కర్ణాటక సంగీత విద్యార్థి అయినా ఆ తీర్పు చదివితే తల పట్టుకుంటాడు.

నోరే మృదంగం

ఇక అసలు ర్యాప్. ఎమినెమ్ 2013 పాట 'ర్యాప్ గాడ్'లో ఆరు నిమిషాల్లో 1,560 మాటలున్నాయి. గిన్నిస్ వాళ్ళు రికార్డు ఇచ్చారు. నాకది సర్కస్ లెక్క. వేగం పెద్ద విషయం కాదు, మాట ఎక్కడ పడుతుందన్నదే విషయం.

1987లో 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బమ్‌తో రాకిమ్ వచ్చేదాకా ర్యాప్ అంతా దరువు మీద ప్రాస, దరువు మీద ప్రాస, పిల్లల పాటలాగా నడిచేది. రాకిమ్ చిన్నప్పుడు శాక్సఫోన్ వాయించాడు, జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌ను విన్నాడు. వాక్యం ఆవర్తం దాటి అవతల పడేలా, ప్రాస పాదం నడుమ దాక్కునేలా రాశాడు. శాక్సఫోన్ వాయించే ఊపిరిని మాటల్లోకి తెచ్చుకున్నాడన్నమాట. 2013లో అట్లాంటా బృందం మిగోస్ నాలుగు దరువుల తాళం మీద మాటల్ని మూడేసి ముక్కలుగా పలికితే అమెరికా అంతా కొత్త అనుకుంది. మెంఫిస్ ర్యాపర్లు అంతకు ముందే ఆ పని చేశారు. మన మృదంగం మాస్టారు వింటే తిశ్రగతి అంటారు.

ఈ రెండు లోకాలనూ నిజంగానే ఒక ఒంట్లో పెట్టుకున్న అమ్మాయి ఉంది. రాజకుమారి పేరుతో ర్యాప్ చేసే శ్వేతా యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టి కూచిపూడి నేర్చుకుంది. నట్టువాంగంలో తకధిమి జతులు ఎలా దొర్లుతాయో అలాగే ఆమె ఇంగ్లీషు మాటలు దొర్లుతాయి. 2014లో ఫాల్ అవుట్ బాయ్ అనే రాక్ బ్యాండ్ పెద్ద హిట్ 'సెంచరీస్' రాసినవాళ్ళ జాబితాలో ఆమె పేరుంది. ఆ పాట మొదట్లో వినిపించేది గాయని సుజాన్ వేగా పాత పాట బాణీ. గిటార్ బ్యాండ్ పాటలో అరువు బాణీ ఉంది, తెలుగింటి ర్యాపరూ ఉంది. జతులు నోటితో పలికే కళాకారుణ్ణి మనం కచేరీ వేదిక మీద మృదంగం పక్కన కూర్చోబెడతాం, సన్మానం చేస్తాం. ఆయన చేతిలో ఏ వాయిద్యం ఉందని ఎవరూ అడగరు.

నాలుగో పాట

1986లో రన్-డీఎంసీ, రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ కలిసి చేసిన 'వాక్ దిస్ వే' గోడ బద్దలు కొట్టిన పాట అంటారు. వీడియోలో నిజంగానే గోడ బద్దలు కొడతారు. అంతకు ముందు రన్-డీఎంసీకి ఆ పాట పేరే సరిగా తెలియదు. ఏరోస్మిత్ 'టాయ్స్ ఇన్ ది అటిక్' రికార్డులో నాలుగోది, అంతే. మొదటి కొన్ని క్షణాల డ్రమ్సు వరకే తిప్పి, గాయకుడు నోరు తెరిచేలోగా వెనక్కి లాగేసేవాళ్ళు. ఆ మాటలు మేమెందుకు పాడాలని మొరాయించారు కూడా. ఏరోస్మిత్ సొంత రికార్డు అమెరికా జాబితాలో పదో స్థానం దగ్గర ఆగితే, ఇది నాలుగు దాకా వెళ్ళింది. చితికిపోయి ఉన్న ఆ రాక్ బ్యాండ్ మళ్ళీ లేచింది ర్యాపర్ల భుజం మీద.

1992లో రేజ్ అగైన్స్ట్ ద మెషీన్ గిటారిస్టు టామ్ మొరెల్లో ఇంకో అడుగు వేశాడు. గిటార్ తీగలను గీకి, స్విచ్చు టకటకలాడించి అచ్చం డీజే స్క్రాచ్ శబ్దం తెప్పించాడు. శాంపిళ్ళు, కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని ఆ ఆల్బమ్‌లోనూ రాసుకున్నారు. పాపం, నమ్మరని భయం. టర్న్‌టేబుల్ వాయిద్యమే కాకపోతే గిటార్ దాన్ని అనుకరించడం ఎందుకు?

ఎవరికెంత ఇచ్చారు

1989 గ్రామీల్లో మొదటిసారి ర్యాప్‌కి ఒక బహుమతి పెట్టారు, టీవీలో చూపించలేదు. గెలిచిన జాజీ జెఫ్, ఫ్రెష్ ప్రిన్స్ (తర్వాత సినిమాల్లో విల్ స్మిత్) వేడుకకే వెళ్ళలేదు. ఆ రాత్రే హార్డ్ రాక్, మెటల్ బహుమతి మెటాలికాకి కాకుండా జెథ్రో టల్‌కి ఇచ్చారు. ఆ బ్యాండ్ నాయకుడు వాయించేది వేణువు. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ సాయంత్రం ఎవరు ఏమిటన్నది గ్రామీ వాళ్ళకే సరిగ్గా తెలియలేదు, మా ఇంటి పండగ తగువు ఏం తేలుతుంది!

2018లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ 'డ్యామ్.' ఆల్బమ్‌కి సంగీతంలో పులిట్జర్ వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా వేరేవాళ్ళకు ఆ బహుమతి దక్కడం అదే మొదలు. రాక్ వాళ్ళకు ఇప్పటికీ రాలేదు.

ఇంత చెప్పాక మేనల్లుడి పక్షం కూడా ఒక ముక్క చెప్పాలి. రెండు ఆవర్తాల ముక్కను మూడు నిమిషాలు తిప్పి వదిలేసే పాటలు హిప్-హాప్‌లో కుప్పలు. స్వరాల అల్లికలో అది పేదదే. బీట్ ఆన్‌లైన్లో కొనుక్కుని, వేదిక మీద తన గొంతు రికార్డునే పెట్టించుకుని, దాని మీద రెండు కేకలు వేసి డబ్బు తీసుకునే ర్యాపర్లకు ఏ బిరుదూ ఇవ్వనక్కర్లేదు. ర్యాపరూ, పాట కట్టే ప్రొడ్యూసరూ సాధారణంగా ఇద్దరు మనుషులు. సిమన్స్ ప్రశ్న ఒకడి మీద వేసి ఇంకొకడి పనిని కొట్టేశాడు.

చివరిగా అవుట్‌కాస్ట్ బృందం ఆండ్రే 3000. ర్యాప్‌లో మొనగాడు. పదిహేడేళ్ళు ఆల్బమే లేక, 2023లో ఒకటి తెచ్చాడు. గంటన్నరకు దగ్గరగా, మొదటి నుంచి చివరి దాకా వేణువులు, ఆయన స్వయంగా ఊదినవే. మొదటి ముక్క పన్నెండు నిమిషాలు దాటి, బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాకి ఎక్కిన పాటలన్నిటిలోకీ పొడవైనది అయింది. దాని పేరే ఒక సంజాయిషీ, నిజానికి ర్యాప్ ఆల్బమే చేద్దామనుకున్నాను గానీ గాలి ఇటు వీచిందని. ర్యాపర్ చేతికి ఎట్టకేలకు వాయిద్యం వచ్చింది, ఆల్బమ్ మీద మాత్రం హెచ్చరిక అచ్చేయించాల్సి వచ్చింది: ఇందులో ర్యాప్ లేదు, జాగ్రత్త.